మానులో మట్టి

పోయిన నెల తిరుపతిలో నా చెవులకు పరీక్ష చేయించారు. చేయించింది మా కోడలు. టీవీ ఎంత గట్టిగా పెట్టాలన్న విషయం మీద మా ఇద్దరి మధ్య కొన్నేళ్లుగా సాగుతున్న చర్చను ఒక డాక్టరు సంతకంతో ముగించాలని ఆమె ఉద్దేశం.

ఆ పరీక్షకు ఒక చిన్న గది ఉంటుంది. పాతకాలపు ఇళ్లలో వడ్లు పోసుకునే గాదె అంత ఉంటుంది, కాకపోతే గాజు కిటికీ. లోపల కూర్చోబెట్టి, చెవులకు రెండు డిప్పలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. కిటికీ అవతల ఒక అమ్మాయి. "శబ్దం వినపడినప్పుడల్లా నొక్కండి తాతగారూ, ఎంత సన్నగా వినపడినా సరే" అంది. నేను బుద్ధిగా నొక్కాను. ధారాళంగా కూడా నొక్కాను. కొంతసేపటికి ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"తాతగారూ, నేను శబ్దం పెట్టనప్పుడు కూడా నొక్కుతున్నారు."

"వినపడినట్టే అనిపించిందమ్మా."

"అనిపిస్తే కాదు తాతగారూ. వినపడితేనే నొక్కాలి."

ఆ మాట నాకు కొత్త కాదు. దాదాపు అదే మాటను ఒక వాగు గట్టు మీద ఒక ముసలాయన నాతో అన్నాడు. అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. ఆ ముసలాయనకు చెవులు దివ్యంగా వినపడేవి. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. కొంతకాలం పాటు ఆయనకు కూడా తెలియదు. నాకొక్కడికే తెలుసు.

మా ఊరు పాకాల నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండేది. ఆ రోజుల్లో నడిచిపోయేంత దూరమంటే ఎంతైనా కావచ్చు. ఊరికీ రైలు స్టేషనుకూ మధ్య, ఊరికీ మా చెరుకు తోటలకూ మధ్య ఒక వాగు అడ్డం, మా వైపు దాన్ని వంక అంటారు. వేసవిలో దాన్ని వంక అంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఇసకలో మేకలు పడుకుని ఉండేవి. కార్తీకంలో ఎవరూ చెప్పకుండానే నమ్మేవాళ్లు. బండ్లు పోవాలంటే రెండు మైళ్లు చుట్టుదారి. కాలిబాటకు మాత్రం వంక మీద నాలుగు తాటిమాన్లు వేసి ఉండేవి.

దాన్ని వంతెన అని మేమెవరమూ అనలేదు. మాన్లు అనేవాళ్లం. "యాడికి పోతా ఉండావు?" అంటే, "ఈడే, మాన్లు దాటి అట్ల పోయొస్తా" అనేవాళ్లు. వంక నడుమ రాతి కూసాలు పాతి, వాటి మీద నాలుగు నిండు మాన్లు పక్కపక్కనే పరిచి, ఈతనారతో బిగించేవాళ్లు. సందుల్లో గులకరాళ్లూ మట్టీ కూరేవాళ్లు. ఒక పక్కన చెయ్యి పట్టుకోవడానికి వెదురు గడ. తడిసిన మాను వాసన, నానిన నార వాసన, కింద బురదలో తుంగ వాసన. అవతలి గట్టున గానుగ ఆడే రోజుల్లో వీటన్నిటి మీదా కమ్ముకునే బెల్లప్పాకం వాసన. కళ్లకు గంతలు కట్టి వదిలినా మాన్ల మీద ఉన్నానో లేదో ముక్కుతో చెప్పగలిగేవాణ్ణి. చెవుల సంగతి తరువాత వస్తుంది.

ఏటా వేసవిలో, తొలకరికి ముందు, నాలుగింటిలో ముసలి మానును తీసేసి కొత్తది వేసేవాళ్లు. ఏటికొక ఇంటి వంతు. మాను ఎవరిస్తే వాళ్ల పేరే దానికి. ఎవరైనా జారిపడితే ఊళ్లో మొదట అడిగేది "యాడ తగిలింది?" అని కాదు, "ఎవురి మాను మీద?" అని. పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లు కూడా మాటల మధ్యలో లేచి ఒకసారి వంక దాకా పోయి వచ్చేవాళ్లని మా అవ్వ చెప్పేది.

"మొగానికి ఏదైనా పూసుకోవచ్చురా. మానుకు పూస్తే ఒప్పతాదా?" అనేది.

ఒప్పుతుందని నేను తరువాత నిరూపించాను.

కొత్తమాను వంక ఎక్కే ముందు మాన్ల తాత దాన్ని వినాలి. ఆయన ఎవరికీ తాత కాదు, పిల్లలు లేరు. ఊరి చివర ఆయనా ఆయన భార్యా ఉండేవాళ్లు. బక్కమనిషి. చెవులు మాత్రం ముందుగా ఎవరికో పెద్దమనిషికని చేసి, తరువాత ఈయనకు సర్దినట్టుండేవి. మానును గట్టు మీద రెండు రాళ్ల మీద ఎత్తిపెట్టేవాళ్లు. మొదలు దగ్గర ఒకడు వంకలోని గుండ్రాయితో కొట్టేవాడు. తాత కొన దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, చెవి మానుకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. అప్పుడు ఊరంతా నోరు మూసుకోవాలి. మా ఊరు నోరు మూసుకునే సందర్భం ఏడాదికి అదొక్కటే.

"సేవ ఉండే గట్టి మానులో సద్దు పరిగెత్తతాది. పుచ్చినదాంట్లో తిరగతాది, దారి తప్పిన దూడ మాదిరి" అనేవాడు.

విన్న తరువాత సున్నపు ముంతలో వేలు ముంచి మూడు గీతలు గీస్తే ఆ మాను గట్టిదన్నమాట. గీయకపోతే, ఎంత పెద్దిల్లయినా సరే, మారుమాట లేకుండా పోయి ఇంకో చెట్టు కొట్టాలి. దీనికి ఆయనకు జీతం లేదు, గింజలు లేవు. మాను వేసిన రోజు వంక గట్టున పొంగలి పెట్టేవాళ్లు. చేతికి పసుపుదారం కట్టించుకుని అందరికన్నా ముందు దాటేది ఆయన. మొదటి గరిటె పొంగలి ఆయనకు. అంతే. ఆ అంతే ఆయనకు ఎంతో నాకప్పుడు తెలియదు.

నా పదమూడో ఏట మా ఇంటి వంతు వచ్చింది. ఎక్కడో దేశాల మధ్య యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు కూపన్లకు ఇస్తున్నారని పెద్దవాళ్లు అరుగుల మీద బాధపడేవాళ్లు. నా బాధ అంతకన్నా పెద్దది. మా నాయన పడమటి చేని గట్టున, గెనిమ మీది తాటిచెట్టు కొట్టించాలని నిర్ణయించాడు.

ఆ చెట్టు ముంజల గురించి రాయడానికి ఈ వయసులో నాకు అర్హత లేదు, పళ్లు లేవు. అయినా ముంజకు పళ్లతో పని లేదు. కాయ చెక్కించుకుని, కంట్లోకి బొటనవేలు పోనిచ్చి నోటికెత్తితే చల్లటి నీళ్లు మోచేతి దాకా కారేవి. ఇంకో పది రోజుల్లో గెలలు దిగేటట్టున్నాయి. రాజ్యాలు ఆడవాళ్ల కోసం, బంగారం కోసం కూలాయని బళ్లో అయ్యవారు చెప్పేవాడు. మా మాన్లు కూలింది ముంజల కోసం.

"నాయనా, పశువుల కొట్టం ఎనకాల పోయినేడు కొట్టిన మాను ఉండాది గదా. మళ్లా సెట్టెందుకు?" అన్నాను.

మా నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "రేయ్, ఉన్నట్టుండి నీకు బుద్ధి యాడినుంచి వచ్చిందిరా? ఎవురింట్లో దొంగిలించినావు?" అన్నాడు. ఆయన హాస్యప్రియుడు. మా ఇంట్లో అది తరతరాలుగా ఉన్న జబ్బు. పొదుపరి కూడా. పాతమాను చాలన్నాడు.

ఆ సాయంత్రం నేను కొట్టం వెనక్కి పోయి మానును చూసుకున్నాను. మొదలు దగ్గర నడుమ గుజ్జు కుళ్లి పిడికిలి పట్టేంత బొక్క. వెదురుపుల్ల దూర్చితే నా చెయ్యంత పొడుగు లోపలికి పోయింది. గుండ్రాయితో తట్టి చూశాను. దారి తప్పిన దూడ నాకే వినపడింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం, పెద్దవాళ్లంతా కునుకు తీసే వేళ, కుమ్మరివాళ్ల గుంత నుంచి బంకమట్టి తెచ్చాను. నాలుగు విడతలు పట్టింది. మా అవ్వ పప్పు మెదిపే పప్పుగుత్తి కట్టెతో కూరి కూరి గట్టి చేశాను. పైన కాస్త తాటిగుజ్జు అతికించి, పేడా సున్నం కలిపి రెండు కొనలకూ మెత్తాను. చెద పట్టకుండా అట్లా మెత్తడం అందరూ చేసేదే, కాబట్టి అనుమానం లేదు. పప్పుగుత్తి కడిగి ఉన్నచోటనే పెట్టాను. ఆ వారం పప్పులో ఇసక తగులుతోందని నాయన రెండుసార్లు అన్నాడు. అంతవరకు నాకు సిగ్గు లేదు. నా తెలివికి నేనే ముచ్చటపడుతూ ఉన్నాను.

మాను వినే రోజు వచ్చింది. గుండ్రాయి పట్టుకుని కొట్టింది మా పాలేరు. తాత చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. మామూలుగా నాలుగు దెబ్బలకు లేచేవాడు, ఆ రోజు పది దెబ్బలైనా లేవలేదు. చెవి మార్చి మళ్లీ విన్నాడు. నా గుండె మాత్రం ఆ మానుకన్నా గట్టిగా వినపడుతూ ఉండింది. తాత తల ఎత్తి ఎదురుగా ఉన్న నన్ను అడిగాడు.

"అబ్బోడా, మాను వానకు గాని తడిసిందా?"

"అవును తాతా. మొన్న జల్లు పడినప్పుడు బయటే ఉన్నింది."

మొన్న జల్లేమీ పడలేదు. పడలేదని ఊరంతటికీ తెలుసు. కానీ పెద్దింటి పిల్లాడు చెప్పిన మాట కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తాత మాత్రం ఇంకొక్కసారి చెవి ఆనించి, లేచి, మూడు గీతలు గీశాడు. మూడో గీత గీయడానికి కొంచెం తటపటాయించాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నా కళ్లు పడమటి గెనిమ వైపు ఉన్నాయి.

ముంజలు బాగున్నాయి. గెలకు గెల ఖాళీ చేసి రెండు రోజులు కడుపునొప్పితో పడుకున్నాను. ఆ పాపానికి ఆ శిక్ష చాలని నా లెక్క.

కార్తీకంలో వాన పట్టుకుంది. వంక నిండుగా వచ్చింది, రెండు రోజులు మాన్ల అంచు తాకుతూ పారింది, తరువాత తగ్గింది. ఆ నీళ్లు నా మట్టిని నిమ్మళంగా కడుక్కుని పోయాయి. వాన వెలిసిన మరునాటి పొద్దున, అరుగు మీద కూర్చుని రాత్రి మిగిలిన సంగటిలో మజ్జిగ పోసుకుని, ఊరుబిండి నంజుకుంటూ ఉన్నాను. వంక వైపు నుంచి ఒక ఆడమనిషి కేక. ఆ వెంటనే కుండ పగిలిన చప్పుడు. కేక ఆగలేదు.

అవతలి పల్లె నుంచి రోజూ పెరుగు తెచ్చి అమ్మే ఆమె. తలమీద తట్టతో మా మాను మీద కాలు పెట్టింది. మాను మొదలు దగ్గర విరిగి, ఆమె కాలు రెండు మాన్ల మధ్య ఇరుక్కుంది. మేం పోయేసరికి వంకలో పెరుగు తెల్లగా తేలుతూ ఉంది. నలుగురు పట్టి ఆమెను పైకి లాగారు. పాదం ఉండాల్సిన వైపు లేదు.

"మీ మాన్లు మండిపోను! మీ సున్నం గీతలు మండిపోను!" అని ఆమె ఏడుస్తూనే తిట్టింది. ఆమెను బండిలో పాకాలకు, అక్కడినుంచి రైల్లో విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టుకు తీసుకుపోయారు. కట్టు కుదిరింది. నడక మాత్రం కుంటి నడకే మిగిలింది.

విరిగిన మానును గట్టుకు లాగి అందరూ వంగి చూశారు. లోపల డొల్ల. మట్టి ఆనవాలు కూడా లేదు. మాన్ల తాత దాని ముందు కూర్చుని బొక్కలో చెయ్యి పెట్టాడు, మోచెయ్యి దాకా పోయింది. చెయ్యి తీసి చూసుకున్నాడు. అప్పుడు మా నాయన అన్నాడు.

"పుచ్చింది మా మాను కాదప్పా, ఆయన సెవి."

అందరూ నవ్వారు. ఒక మనిషి కాలు విరిగిన పూట నవ్వడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆ మాట సాయంత్రానికి గానుగ దగ్గరికి, మరునాటికి పాకాల సంతకు పోయింది. మా నాయన ఆ తరువాత ముప్పై ఏళ్లు బతికాడు, అంతకన్నా పేరొచ్చిన మాట ఇంకొకటి అనలేదు. నేను నిజం చెబితే ఇంటి మానం పోతుంది, ఇంటి హాస్యం కూడా పోతుంది. అప్పుడు నేను చేసుకున్న సమర్థన ఇది. ఇప్పుడు చూస్తే అది సమర్థన కాదు, పిరికితనం. కాకపోతే శుభ్రంగా ఉతికి కట్టుకున్న పిరికితనం.

తన చెవి పుచ్చిందని తాతే నమ్మాడు. ఎవరు పలకరించినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటివప్పా?" అని అడగడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎన్నడూ అడిగింది లేదు. సంక్రాంతి నెలలో మా అవ్వ అనపగింజలు పితుకుతూ ఉంటే తాత భార్య వచ్చి కూర్చుని చెప్పింది: "పొద్దస్తమానం ఇంట్లో దూలానికి సెవి పెట్టుకోని నిలబడతా ఉండాడు. తట్టి, 'నీకేమినపడె?' అంటాడు నన్ను. నాకేం ఇనపడతాదమ్మా? నాకు ఆకలి ఇనపడతాది." అవ్వ నవ్వింది. నేను ఒక దోసెడు గింజలు నోట్లో పోసుకుని అక్కడినుంచి లేచిపోయాను.

పెరుగామె కూడా ఒకరోజు కుంటుకుంటూ వచ్చి, బజారులో అందరి ముందూ తాతను ఆపింది.

"ఏం తాతా, నా కాలు ఇరిగినప్పుడు ఆ సద్దన్నా ఇనపడిందా నీకు?"

తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు. "ఇనపడిందమ్మా" అన్నాడు. "ఇప్పటికీ ఇనపడతానే ఉండాది."

మరుసటి వేసవి వచ్చింది. ఈసారి రెండు మాన్లు కావాలి. మాది మళ్లీ, దాని తరువాతి వంతువాళ్లది ఇంకొకటి. మా నాయన పడమటి గెనిమ మీది చెట్టే కొట్టించాడు. ముంజలు ఒక ఏడాది ఆలస్యంగా పోయాయి, అంతే. వినేదానికి తాత ఒప్పుకోలేదు. పెద్దవాళ్లు బతిమాలితే, "పిల్లసెవి ఒకటి తోడియ్యండి" అన్నాడు. అన్నాక చుట్టూ చూశాడు. ఊళ్లో పిల్లలకు కొదవ లేదు. ఆయన చెయ్యి చాపింది నా వైపు.

"సదువుకునే పిల్లోడు. నిదానంగా సెప్తాడు."

మా నాయన మీసం తడుముకున్నాడు. అట్లా నేను ఊరి చెవి అయ్యాను. ఇంత గౌరవం ఆ తరువాత ఏ ఉద్యోగంలోనూ నాకు దక్కలేదు.

నేను మానుకు చెవి ఆనిస్తే ఏమీ అర్థమయ్యేది కాదు. టక్కుమనేది. అది పరిగెత్తే టక్కా, తిరిగే టక్కా? ఇంకొకరి కాలు విరుగుతుందేమోనన్న భయమే చెవినిండా ఉంటే సద్దుకు చోటెక్కడ? కాబట్టి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏ మాను తెచ్చినా డొల్ల అనేవాణ్ణి. ముందు తాత వినేవాడు, తరువాత నేను. తాత నా మొహం చూసేవాడు. "డొల్ల తాతా" అనేవాణ్ణి. ఆయన తలూపి, గీత గీయకుండా లేచేవాడు. మా మాను పోయింది. ఆ ఏటి వంతువాళ్ల మాను పోయింది. ఇంకో రెండు పోయాయి.

"ఈ పిల్లోడి సెవికి తాటిమాను ఆనదప్పా, రైలుపట్టా తేవల్ల" అన్నాడు వంతువాడు, నాలుగు చెట్ల దెబ్బతో చెమటలు కారుతూ.

ఐదో మాను దగ్గర తాత అందరినీ గానుగ దాకా పోయి నీళ్లు తాగి రమ్మన్నాడు. గట్టు మీద ఇద్దరమే మిగిలాం.

"ఏమినపడె?" అన్నాడు.

"డొల్ల తాతా."

"నాకు గట్టిగా ఇనపడె. ముందరి నాలుగూ గట్టిగానే ఇనపడె. నాదంటే పుచ్చిన సెవి. నీకు నిజంగా డొల్లగా ఇనపడిందా, అనిపించిందా? అనిపిస్తే కాదు అబ్బోడా. ఇనపడితేనే సెప్పల్ల. ఇనపడేవోడు ఎప్పుడో ఒకసారన్నా మంచిదని సెప్తాడు గదా."

నేను ఏడ్చాను. ఏడుస్తూ మొత్తం చెప్పాను. ముంజలు, కుమ్మరిగుంత, పప్పుగుత్తి, పడని జల్లు. ఆయన చెయ్యెత్తుతాడని కాచుకున్నాను. ఎత్తలేదు. ఒక ప్రశ్న అడిగాడు.

"మట్టి తడిగా ఉన్నిందా?"

"తడిగానే ఉన్నింది తాతా."

"అదీ!" అని తొడ చరుచుకున్నాడు. "సద్దు కడదాకా వచ్చి రవంత ఆగింది. ఆగి వచ్చింది. ఏందబ్బా ఇది, తడిసిందేమోనని నిన్ను అడిగితి గదా?"

"అడిగినావు తాతా."

ఆయన లేచాడు. గుండ్రాయి తీసుకుని, నేను తోసేసిన నాలుగు మాన్ల దగ్గరికీ ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి, తట్టి, చెవి పెట్టాడు. చాలాకాలం తరువాత కనిపించిన చుట్టాలను పలకరించినట్టు పలకరించాడు. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం కడుక్కున్నట్టుంది. నన్ను తిట్టాలన్న ధ్యాసే ఆయనకు లేదు. తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

"పొంగలి దినం అందురూ ఉంటారు. ఆడ ఒక్క మాట సెప్పు, సాలు. నేను సెప్తే, పెద్దింటి పిల్లోడి మీద ఏసి తప్పించుకుంటా ఉండాడు అంటారు. నువ్వే సెప్పల్ల. 'తాత సెవులు బాగుండాయి. మానులో మట్టి పెట్టింది నేను.' అంతే. సెప్తావా?"

"సెప్తా తాతా."

మా మానునూ వంతువాళ్ల మానునూ మళ్లీ రాళ్ల మీదికి ఎత్తించి ఆయన మూడు గీతలు గీశాడు. ఈసారి చెయ్యి తటపటాయించలేదు. తాత తన మాటే నిలబెట్టుకున్నాడా, పిల్లవాడి మాట మార్చాడా అని ఎవరూ అడగలేదు. మళ్లీ చెట్టు కొట్టే పని తప్పింది కదా.

నేను ఆ రెండు వాక్యాలూ బట్టీ పట్టాను. గెనిమల మీద నడుస్తూ, బావిలో ఈదుతూ, అన్నం ముందు కూర్చుని చెప్పుకున్నాను. పొంగలి అయిన రెండు రోజులకు నేను చిత్తూరుకు పోవాలి, హైస్కూల్లో ఫోర్తు ఫారంలో చేరడానికి. ట్రంకుపెట్టె సర్ది ఉంది. ఆ రెండు రోజులు నాయన కళ్లబడకుండా గడిపితే చాలని కూడా లెక్క వేసుకున్నాను.

పొంగలి రోజు తాత ఉతికిన పంచె కట్టుకుని, కొత్త తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఆయన భార్య కూడా వచ్చి ఆడవాళ్లలో కూర్చుంది. ఆమెకు ఆయన చెప్పే ఉంటాడు. నా వైపు చూసి నవ్వింది. మాన్లు కొత్త నారతో మెరుస్తున్నాయి. పొంగలి గుండిగలో నెయ్యి వాసన. పెరుగామె కూడా కుంటుకుంటూ వచ్చి అవతలి గట్టున నిలబడింది. ఊరి పెద్ద పసుపుదారం చేతిలో పట్టుకుని, "ఈసారి ముందు ఎవురు దాటేది?" అన్నాడు.

తాత నా వైపు చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. "నాయనా…" అన్నాను. గొంతు బాగానే వచ్చింది. అందరూ తిరిగి చూశారు. మొదటి మాట నాలుక చివరన ఉంది. ముందు దాటాలని నాకు ఉబలాటంగా ఉందనుకున్నాడు మా నాయన.

"సూడండప్పా!" అన్నాడు. "పాతసెవి పుచ్చిపాయె, కొత్తసెవి మొలిసె!"

గట్టంతా నవ్వింది. అవతలి గట్టున పెరుగామె కూడా నవ్వింది.

నేనూ నవ్వాను.

ఇన్నేళ్లలో నేను చేసిన వెధవపనులు కొన్ని ఉన్నాయి, అందరికీ ఉండేవే. మట్టి కూరినవాడు పిల్లవాడని సరిపెట్టుకోగలను. ఆ నవ్వినవాణ్ణి మాత్రం దేనిలోనూ సరిపెట్టలేకపోయాను.

పసుపుదారం నా చేతికి కట్టారు. నేను మాన్ల మీద కాలు పెట్టాను. వెదురు గడను రెండు చేతులా పట్టుకున్నాను, కొత్తమాను కదా అనుకున్నారు. వెనకనుంచి తాత గొంతు వినపడింది. కోపంగా లేదు, ఎగతాళిగా లేదు.

"మెల్లిగా పో అబ్బోడా. బయపడొద్దు. మాన్లు గట్టియే."

దాటి వచ్చాక మొదటి గరిటె పొంగలి నా ఆకులో వేశారు. తిన్నాను. బాగుంది కూడా. బాగుందని రాయడానికి ఈనాటికీ చెయ్యి రావడం లేదు, అయినా బాగుంది.

తాత ఆకు అందుకోలేదు. కడుపులో బాగా లేదని చెప్పి, భార్యను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఎవరో పలకరిస్తే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటివప్పా?" అన్నాడు. ఈసారి ఆయనకు వినపడిందని ఆయనకు తెలుసు.

ఆ తరువాత సెలవులకు వచ్చినప్పుడల్లా నేను కాలిబాటన కాకుండా రెండు మైళ్లు చుట్టు తిరిగి బండ్ల దారిన ఊళ్లోకి వచ్చేవాణ్ణి. పెట్టె బరువని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఊళ్లో ఎదురుపడితే తాత "బాగుండావా నాయనా?" అనేవాడు. చెప్పావా అని ఒక్కసారి కూడా అడగలేదు. మాన్లను ఆ పైన ఎవరూ వినలేదు. ఎవరికి వాళ్లు తట్టి చూసి వేసుకునేవాళ్లు.

కాలేజీలో ఉండగా నాయన దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. వానలు, ఆవు ఈనడం, అవ్వ మోకాళ్ల నొప్పి. చివర్లో నాలుగు వాక్యాలు: "మాన్ల తాత పోయినాడు. ఒక విచిత్రం. ఆఖరి వారం మంచం మీద నుంచే పాకాలలో రైలు కూత విని, అది ఏ బండో కూడా చెప్పేవాడని ఆయన భార్య అంటోంది. చెవి పుచ్చిన మనిషికి అది ఎట్లా సాధ్యమో నాకు బోధపడలేదు."

నేను వెంటనే జవాబు రాశాను. హాస్టల్లో నెయ్యి బాగా లేదని, ఇంటి నెయ్యి పంపమని రాశాను.

ఇప్పుడు అక్కడ సిమెంటు వంతెన ఉంది. దాని కింద వంక లేదు, ముళ్లకంప ఉంది. ఎవరి మాను అని అడిగేవాళ్లు లేరు. నాయన లేడు, పెరుగామె లేదు, ఆ గట్టు మీద నవ్వినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలానేమో. డాక్టరు కాగితం చూసి కుడిచెవి దాదాపు పోయిందని చెప్పాడు. మా కోడలు ఆ కాగితాన్ని టీవీ పక్కనే పెట్టింది. న్యాయం ఎక్కడో ఒకచోట జరుగుతుంది.

ఆ రోజు చెప్పి ఉంటే అర నిమిషం పట్టేది. ఇప్పుడు ఇన్ని కాగితాలు పట్టింది, అదీ వినవలసిన వాళ్లెవరూ లేనిచోట. అయినా మాట ఇచ్చినవాణ్ణి గనక, ఆయన నేర్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా:

తాత సెవులు బాగుండాయి. మానులో మట్టి పెట్టింది నేను.